ఏ వైరులోనూ రాని గంట

ఫిబ్రవరి 8, 2009. కోరుట్ల

షార్జా నుంచి వచ్చి నెల దాటింది. ప్లేయరు డబ్బా ఈరోజు విప్పాను. ఇన్నాళ్లూ మంచం కింద పడి ఉంది. రాజక్క దాని మీద బీడీల చాట పెట్టుకునేది. షోరూం మూసేసిన రోజు సేఠ్ దాన్ని నా చేతుల్లో పెట్టి మొహం తిప్పుకున్నాడు. ఈ చలికాలమంతా గల్ఫ్‌లో పనులు పోయి విమానాల నిండా మనవాళ్లే తిరిగొస్తున్నారు. నా చేతిలో ఒక పెట్టె అయినా ఉంది.

పొద్దున శ్రీధర్ ఫోన్ చేశాడు. రాయికల్ పిల్లగాడు. షార్జాలో నా పక్కనే పని నేర్చుకుని ఇప్పుడు మస్కట్‌లో ఒక ఆడియో షోరూంకు మేనేజరు అయ్యాడు. "అన్నా, నీ దగ్గరున్న ప్లేయరే మేం ఈడ డెమోకు పెడుతున్నం. దాని ఎనుక ఇన్ని అవుట్‌లున్నయి గద, దేంట్ల నుంచి సౌండు తీస్తె మంచిగుంటదో నువ్వు విని చెప్పు. నీ చెవి మీద మా సేఠ్‌కు గురి కుదిరితె వీసా పంపుతడు" అన్నాడు. లైను బాగాలేదు, మళ్లీ మళ్లీ చెప్పించుకోవలసి వచ్చింది.

నా చెవి మీద గురి! షార్జాలో గిరాకీల విల్లాల్లో హాలు మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టి, ఏ గోడకు పరదా వేయాలో చెప్పినవాణ్ని నేను.

ఫిబ్రవరి 11

ముందు ఆప్టికల్. చివర ఎర్ర లైటు వెలిగే సన్నటి తీగ. పాత ఆంప్లిఫయరుకు కలిపి, షోరూంలో అందరికీ వినిపించే డిస్కే పెట్టాను. ఆ డిస్కులో రెండు పొరలుంటాయి. పైపొర మామూలు సీడీ. లోపలి పొరలో అసలు రికార్డింగు, మైకు ముందు ఏం మోగిందో అంతా. అయితే లోపలి పొర ఈ తీగలోంచి రాదు. జనం కాపీ చేసుకుంటారని కంపెనీలు పెట్టిన కట్టడి అది. ప్లేయరు లోపల అంతా చదువుతుంది, బయటికి మాత్రం పైపొరే ఇస్తుంది. షార్జాలో గిరాకీలకు ఈ మాట వందలసార్లు చెప్పి ఉంటాను.

మూడో పాట చివర, పాడే ఆమె గొంతు ఆగిపోయాక, ఒక చిన్న గంట మోగి సన్నగా సాగి సాగి పోతుంది. ఆ గంట విన్నాకే గిరాకీలు జేబులోంచి కార్డు తీసేవాళ్లు.

ఆప్టికల్‌లో గంట లేదు. పైపొర కదా, ఉండదు.

ఫిబ్రవరి 13

శాంత ఈరోజు కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, పోయింది.

ఫిబ్రవరి 20

కోయాక్సియల్ పెట్టాను. ఇదీ డిజిటలే, తీగ వేరు, కట్టడి ఒకటే. గంట లేదు. ఇంతవరకు లెక్క ప్రకారమే ఉంది.

శాంత సంగతి ఆలోచిస్తున్నాను. పెండ్లయినప్పటి నుంచి మా మధ్య ఎక్కువ కాలం ఫోనులోనే గడిచింది. అప్పుడు మాటలే మాటలు. ఇప్పుడు ఎదురుగా ఉన్నాను, నోరు విప్పదు. పొయ్యి దగ్గర కూర్చుని వీపు నావైపే పెడుతుంది. పని లేకుండా తిరిగొచ్చిన మొగుడితో ఏం మాట్లాడుతుంది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నవనీత జగిత్యాల హాస్టల్లో ఉండబట్టి సరిపోయింది, లేకుంటే బిడ్డ ముందర కూడా ఈ మౌనమే ఉండేది.

వాకిట్లో పిచ్చుకలు వాలుతున్నాయి కానీ అరవడం లేదు. సెల్ టవర్లు వచ్చినప్పటి నుంచి వాటికి ఏదో అయిందని పేపర్లో కూడా రాశారు.

మార్చి 3

రాజక్క మీద అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

అక్క నాతో మాట్లాడాలంటే ముందు చేయి మీద తడుతుంది. నేను తిరిగి చూసేదాకా ఆగుతుంది. అప్పుడు మొహంలో మొహం పెట్టి ఊరంతా వినేలా మాట్లాడుతుంది. ఈరోజు గడపలో పక్కింటి లసుమవ్వ కూడా ఉంది. "తమ్మీ, కుక్కర్ సీటీ గొట్టింది, దించుకో" అని అక్క అరిచింది. నేను పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నాను.

"నాకేమన్న చెవుడా, గట్ల ఒర్రుతవు?" అన్నాను.

అక్క కదలలేదు. "మీ బావకు గూడ గిట్లనే మొదలైంది తమ్మీ. సీటీ వినవడకపోయేది. నేను మెల్లగ మాట్లాడితె, నీకు నా మీద కోపమెందుకే అని అడిగేటోడు" అన్నది.

నర్సయ్య బావ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. అమ్మా నాయినా పోయాక నన్ను సాకింది ఈ అక్కాబావలే. మీసాలు రాకముందు నుంచీ బావ షెడ్డులోనే పనిచేశాను, గల్ఫ్ పోయేదాకా. ఆ రేకుల కింద మగ్గాల మోతకు పక్కపక్కన నిలబడ్డవాళ్లు కూడా సైగలతోనే మాట్లాడుకునేవాళ్లు. బావ వయసులో పెద్దవాడు, జీవితమంతా అక్కడే ఉన్నాడు. నేను బయటపడ్డాను. ఏసీ గదుల్లో పాటలు వింటూ బతికినవాణ్ని. రెండూ ఒకటెట్లా అవుతాయి?

"సీటీ ఖరాబైంది. కొత్తది తెస్త" అన్నాను.

మార్చి 4

కుక్కర్‌కు కొత్త సీటీ తెచ్చాను. బజారులో దొరికేవన్నీ నకిలీవే.

మార్చి 15

అనలాగ్. డిజిటల్ కట్టడి దీనికి వర్తించదు. ప్లేయరే లోపలి పొరను ధ్వనిగా మార్చి వెనకవైపున్న ఆరు సాకెట్లలోంచి పంపుతుంది. ఇక్కడ గంట వచ్చి తీరాలి.

రాలేదు.

వైర్లు మార్చాను. సాకెట్లు స్పిరిటుతో తుడిచాను. బాక్సులు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. గొంతు వస్తోంది, ఏదో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. గంట మోగే చోటికి రాగానే ఏమీ లేదు. ప్లేయరు మీద అంకెలు మాత్రం నడుస్తున్నాయి.

లెన్సు పాడై ఉంటుంది. ఓడరేవుల్లో, విమానాల్లో ఎత్తి పడేసిన పెట్టె. శ్రీధర్‌కు ఆ మాటే చెప్పాను. వాడు ఏదో అన్నాడు. "ఆ, ఆ" అన్నాను.

మార్చి 29

జగిత్యాల పోయి వచ్చాను. రాయాలని లేదు కానీ రాస్తాను.

దావీదు అక్కడ పెండ్లిళ్లకు, చర్చి కూటాలకు మైకులు, బాక్సులు కిరాయికి ఇస్తాడు. సిరిసిల్ల షెడ్డులో నాతో పాటు నూలు కండెలు చుట్టినవాడు, నాకంటే చాలా ముందే అక్కణ్ణించి బయటపడ్డాడు. ఎవరో డాక్టరు ఇంట్లో బిగించడానికి తెచ్చిన కొత్త రిసీవరు తన షాపులో ఉందని, దానికి హెచ్‌డీఎంఐ ఉందని కబురు పెట్టాడు. లోపలి పొరను డిజిటల్‌గానే, కట్టడి తప్పకుండానే, పూర్తిగా దాటించే తీగ అదొక్కటే. ప్లేయరును చెద్దరులో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయాను.

దావీదు షట్టరు దించాడు. డిస్కు పెట్టాను. రిసీవరు మీద లోపలి పొర గుర్తు వెలిగింది. అంటే వస్తోంది, అంతా వస్తోంది. ఇద్దరం నేల మీద కూర్చుని విన్నాం. మూడో పాట అయిపోయింది. ఆమె గొంతు ఆగింది. నేను దావీదు మొహమే చూస్తున్నాను. ఆ మొహం మెత్తబడింది. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"అబ్బ, ఏం గంటన్నా అది! ఇంకా పోతనే ఉన్నది సూడు" అన్నాడు.

నేను లేచి ఆ తీగ పీకేసి ఆప్టికల్ పెట్టాను. మళ్లీ అదే చోటు.

"గీ ఎర్ర లైటు తీగల గూడ వినవడుతున్నది అన్నా. జర పల్చగున్నది గని ఉన్నది."

"పైపొరల ఎట్లుంటదిర?"

"ఉన్నదన్నా. నీకు..." అని ఆగిపోయాడు.

వాడు అక్కడితో ఆగకుండా ఉంటే బాగుండేది. నేను ఏమేమో అన్నాను. మైకులు మోసేవాడికి సంగీతం గురించి ఏం తెలుసన్నాను. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధమాడుతున్నావన్నాను. ప్లేయరును చెద్దరులో చుట్టి బస్టాండు దాకా వాడే మోసుకొచ్చాడు.

మార్చి 30

దావీదుకు చెవులు మంచివి కావు. ఎప్పుడూ పెద్ద బాక్సుల ముందర ఉంటాడు కదా.

ఏప్రిల్ 9

శ్రీధర్‌కు మెసేజ్ పెట్టాను. హెచ్‌డీఎంఐ ఉత్తమం, అది లేకపోతే అనలాగ్ ఆరు సాకెట్లు, ఆప్టికల్, కోయాక్సియల్ మామూలు సీడీలకు మాత్రమే. ఇందులో తప్పేమీ లేదు. చెవి లేకుండా కూడా ఎవరైనా చెప్పగలిగిన జవాబు.

వాడు సంతోషించాడు. వీసాకు పాస్‌పోర్టు కాపీ పంపమన్నాడు. పంపాను.

శాంతకు చెప్పాను. నావైపు చూసి ఏదో అన్నది, చాలా చిన్నగా. ఏమన్నావని అడగలేదు. మొహాన్ని బట్టి సంతోషం కాదు. తిరిగొచ్చినా తప్పే, మళ్లీ పోయినా తప్పేనా?

ఏప్రిల్ 21

అక్క పడింది.

మధ్యాహ్నం మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు కుప్ప చేయడానికి నిచ్చెన ఎక్కిందట. దిగుతుంటే నిచ్చెన జారింది. పెరట్లో బండల మీద పడింది. శాంత బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నేను ముందర గదిలో ఉన్నాను.

లసుమవ్వ వచ్చి నా భుజం పట్టి ఊపేదాకా నాకు తెలియదు.

"అది ఎంత సేపటిసంది నీ పేరువెట్టి ఒర్రుతున్నదిర! మా ఇంట్ల పండుకున్నదాన్ని, నాకు వినవడి గోడ దుంకి వచ్చిన!"

"బాక్సుల సౌండు పెద్దగ ఉండె అవ్వా" అన్నాను.

అక్క బండల మీదే పడి ఉంది. ఒక కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. నన్ను చూసి అరవడం మానేసి పెదవి కొరుక్కుంది. ఆటోలో నా ఒళ్లో తలపెట్టుకుని జగిత్యాల దాకా కళ్లు తెరవలేదు.

తుంటి ఎముక విరిగింది. చక్కెర ఎక్కువుంది కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ కాదన్నారు.

బాక్సుల సౌండు పెద్దగా ఉంది, అందుకే.

ఏప్రిల్ 23

బాక్సుల సౌండు పెద్దగా ఉందని శాంతకు కూడా చెప్పాను. శాంత నా వైపు చూసి తల ఊపింది. చాలాసేపు చూసింది.

ఏప్రిల్ 24

అక్క పడిన రోజు పొద్దటి నుంచి కరెంటు లేదు. ఏ బాక్సూ మోగలేదు. నేను ఊరికే కూర్చుని ఉన్నాను.

ఏప్రిల్ 27. జగిత్యాల

ఆసుపత్రిలో అక్క దగ్గర ఉంటున్నాను. దావీదు పొద్దున పాలు, బ్రెడ్డు తెచ్చాడు. నేను అన్న మాటలేవీ గుర్తులేనట్టే ఉన్నాడు. అక్కకు తాపించి, నా చేయి పట్టుకుని లేపి, వెనక వీధిలో చెవి డాక్టరు దగ్గరికి నడిపించాడు. నేను రానని అనలేదు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినగానే బటన్ నొక్కమన్నారు. అద్దం అవతల అమ్మాయి చేయి కదిలినప్పుడల్లా నొక్కాను. బాగానే నడిచింది. కొంతసేపటికి ఆమెకు అర్థమైంది. లోపలికొచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పింది.

గోడ మీద ఒక తెల్లటి పెచ్చు ఊడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. బటన్ మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అంతా అయిపోయిందేమోనని అనుకున్నాను. అయిపోలేదు, ఆమె వాయిస్తూనే ఉందట.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. కొండ మీద నుంచి కిందికి పడినట్టుంది. "సన్నటి శబ్దాలు రెండు చెవులకూ పోయాయి. నరం దెబ్బతిన్నది, మందుల్లేవు. మగ్గాల దగ్గర పని చేశారా?" అని అడిగాడు. నా బదులు దావీదు చెప్పాడు. అది మెల్లమెల్లగా పోతుందని, ముందు గంటలూ పిట్టలూ పోతాయని, తర్వాత ఆడవాళ్ల మాటలు పోతాయని డాక్టరు అన్నాడు.

ఆడవాళ్ల మాటలు.

చెవి మిషను పెట్టుకుంటే ఎదుటివాళ్ల మాట చాలావరకు అందుతుందని, దానికి ఈ వారమే చెవి కొలత ఇవ్వమని అన్నాడు. బయటికొచ్చాక దావీదు, "ఇయ్యాల్నే ఇచ్చి పోదామన్నా" అన్నాడు.

"చెవుల మిషనుతోని మస్కట్‌ల దిగితె సేఠ్ ఏమంటడుర? వీసా కొట్టనియ్యి, తర్వాత సూద్దాం" అన్నాను.

మే 4. కోరుట్ల

అక్కను ఇంటికి తెచ్చాం. ముందర గదిలో మంచం వేశాం. ప్లేయరు తీసి అటక మీద పెట్టాను.

సాయంత్రం శాంతను నా ముందు కూర్చోబెట్టుకున్నాను. డాక్టరు చెప్పింది చెప్పాను. శాంత ఏడవలేదు. "అక్క పడ్డనాడే నాకెరుకైంది" అన్నది. మొహం చూస్తే మాట తెలిసింది.

"వచ్చినకాడి నుంచి నువ్వు నాతోని మాట్లాడుతలేవనుకున్న" అన్నాను.

"రోజు మాట్లాడుతనే ఉన్న. నువ్వు పలుకకపోతుంటివి. నీకే నా మీద పానం ఇరిగిందనుకున్న."

"ఏమనేదానివి?"

శాంత చాలాసేపు చీర కొంగు మడత పెట్టింది. మళ్లీ విప్పింది. తర్వాత నా గదవ పట్టుకుని తనవైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటే అన్నది. "మల్ల పోకు అంటుంటి."

మే 10

నా చెవుల సంగతి శ్రీధర్‌కు దావీదే ఫోనులో చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. శ్రీధర్ ఏమన్నాడో దావీదు చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్ పెట్టేసి నా వీపు నిమిరాడు.

మస్కట్ లేదు. ఇక మిషను దాచుకోవలసిన పని కూడా లేదు. అక్కకు జ్వరం వచ్చింది, అది తగ్గగానే జగిత్యాల పోయి కొలత ఇవ్వాలి.

మే 16

జ్వరం తగ్గలేదు. పడుకునే ఉండటంతో అక్క ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. మళ్లీ ఆసుపత్రికి అంటే వద్దని తల అడ్డంగా తిప్పింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఎట్లా తీసుకుపోతాం?

ఇప్పుడు అక్క అరవలేకపోతోంది. నన్ను పిలవాలంటే చేయి తడుతుంది, అంతే. ఆ చేతిలో కూడా బలం లేదు.

మే 19

శాంత మందు గోలీల కోసం బజారుకు పోయింది. అక్క నా చేయి తట్టింది. పక్కనే కూర్చున్నాను. కళ్లు మూసుకునే మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది, మధ్యమధ్య ఆగుతూ. పెదాలు ఎండి, అతుక్కుని, కదిలీ కదలనట్టు ఉన్నాయి. చెవి దగ్గరికి వంగాను. వెచ్చటి ఊపిరి తగిలింది.

అన్నిటికీ "సరే అక్కా" అన్నాను. చివర నా వేళ్లు నొక్కి, కళ్లు తెరిచి, ఏదో అడిగినట్టు చూసింది. "గట్లనే చేస్త అక్కా, నువ్వు రంది వెట్టుకోకు" అన్నాను. అక్క మొహం తేటపడింది. పడిన రోజు నుంచీ అట్లాంటి మొహం చూడలేదు. నిద్రపోయింది.

మే 20

అక్క పోయింది.

మే 22

ఆడవాళ్లు వస్తున్నారు, అక్క మంచం చుట్టూ కూర్చుంటున్నారు, పోతున్నారు. నోళ్లు తెరుచుకుంటున్నాయి. వాళ్లు రాగం తీసి ఏమేం చెప్పుకుని ఏడుస్తున్నారో నాకు అందడం లేదు. నేనూ ఏడ్చాను. నేను ఏడ్చింది కూడా నాకు సరిగా వినపడలేదు.

మే 25

పడిపోయి నా పేరు పెట్టి పిలిచింది. అది వినలేదు. అది కాకుండా ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరికి చెప్పాలి?

ఏం అడిగి ఉంటుంది? సిరిసిల్లలో బావను పూడ్చిన చోటికి తీసుకుపొమ్మన్నదా? ఇక్కడే కాల్చేశాం. నవనీతను గురించేమైనా అన్నదా? నా మీద కోపం లేదని చెప్పిందా, ఉందని చెప్పిందా? కళ్లు తెరిచి చూసిన చూపు అడిగిన చూపే. నేను మాట ఇచ్చాను. ఏ మాటో తెలియదు.

శాంత రాగానే అడిగి ఉండాల్సింది. అక్క అప్పటికి ఇంకా బతికే ఉంది. ఇంకోసారి చెప్పించి ఉండొచ్చు, శాంత విని నాకు చెప్పి ఉండేది. ఎందుకు అడగలేదు? తేటపడిన ఆ మొహం చూసి నాకే ఒక క్షణం అంతా విన్నట్టు అనిపించింది. అలవాటు. కొన్నాళ్లుగా ఎవరేం చెప్పినా "ఆ, ఆ" అంటూ గడుపుకొచ్చాను కదా.

మే 29

పదో దినం. అక్క పోయిన రోజే నవనీత హాస్టల్ నుంచి వచ్చింది. చిన్నప్పుడు దాన్ని ఎత్తుకు పెంచింది అక్కే. తిండి తినడం లేదు.

భోజనాల బంతి లేచాక అందరం వాకిట్లో పందిరి కింద కూర్చున్నాం. లసుమవ్వ, సిరిసిల్ల నుంచి వచ్చిన బావ తరఫువాళ్లు, దావీదు, అంతా ఉన్నారు. నవనీత వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. పెదాలు స్పష్టంగా కదిలాయి.

"నాయినా, అత్తమ్మ ఆఖరుకు నీతోనే మాట్లాడిందట గద. ఏమన్నది?"

అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒకటి చెప్పొచ్చు. నీ పేరు తలుచుకుంది బిడ్డా, మంచిగ చదువుకోమన్నది, అంటే చాలు. దానికి కాస్త అన్నం దిగేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు వినవడలే బిడ్డా" అన్నాను.

నవనీత తల ఊపింది. తన ప్రశ్న నాకు వినపడలేదనుకుంది. దగ్గరికి జరిగి, నా చెవికి చేయి అడ్డం పెట్టి, ఓపికగా, గట్టిగా మళ్లీ అడిగింది. "అత్తమ్మా... ఏమన్నదీ... నీతోనీ?"

దాని చేతిని నా చెవి మీద నుంచి తీసి నా చేతుల్లో పెట్టుకున్నాను.

"నువ్వు అడిగింది వినవడ్డది బిడ్డా. అక్క చెప్పింది వినవడలే. వినవడ్డట్టు తలకాయ ఊపిన. సరే అన్న. పొద్దటిసంది కరెంటు లేని ఆ దినం అక్క పెరట్ల పడి పిలిచినా గంతే, నాకు వినవడలే. నాకు వినవడది."

ఎవరూ ఏమీ అనలేదనుకుంటాను. అని ఉంటే నాకు తెలియదు. నవనీత చేయి వెనక్కి తీసుకోలేదు. మెల్లగా దాని మొహం అవతలికి తిరిగింది, భుజాలు కదలడం మొదలుపెట్టాయి.